స్టాంపీడ్‌కి బయల్దేరే ముందు కొన్ని జాగ్రత్తలు

స్టాంపీడ్ అంటే కెనడాలోని కాల్గరీలో జరిగే రోడియో (కౌబాయ్‌ల ఎద్దు, గుర్రపు స్వారీ పోటీల) పండగ. 1912లో మొదలైన ఈ పండగ ఇప్పుడు ఏటా జూలైలో పది రోజులు జరుగుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్తుంటే ముందు ఇవి చూసుకోండి.

• ఆకాశాన్ని నమ్మొద్దు. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది, సాయంత్రానికి పడమట నల్లగా కమ్ముకొచ్చి వడగళ్లు పడతాయి. ప్రెయరీ (గడ్డి మైదానం) చదును నేల కదా, మబ్బు ఎంతో దూరం నుంచే కనిపిస్తుంది. చూసి కూడా "ఇంకా టైముందిలే" అనుకున్నాం పోయినేడు. కారు బానెట్ నిండా సొట్టలే.

• ఊరు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంది, గాలి పొడి. నీళ్ల సీసా, టోపీ, పలచటి స్వెట్టర్ తప్పనిసరి.

• కారు ఇంట్లో పెట్టి సీట్రెయిన్ (ఊళ్లో తిరిగే లోకల్ రైలు) ఎక్కండి. పార్కింగ్ టెన్షన్ ఉండదు.

• రోడియో సీటుకి టికెట్ విడిగా కొనాలి.

• పెద్దవాళ్లకి ఏం చూడబోతున్నారో ముందే చెప్పండి. ఎద్దు మీద ఒంటిచేత్తో ఎనిమిది సెకన్లు నిలవాలి, రెండో చెయ్యి ఎద్దుకి తగిలినా సున్నాయే. ఇది మా నాన్నకి తెగ నచ్చింది. దూడకి తాడేసి పడేసి కాళ్లు కట్టే పోటీ దగ్గర మాత్రం అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అలాంటివాళ్లకి వరస చివర, నడిచే దారి పక్క సీటు తీసుకోండి, లేచి బయటికెళ్లడం తేలిక.

• కొట్టాల్లో గుర్రం వెనక నుంచి పోవద్దు.

• ఉచిత పాన్‌కేక్ టిఫిన్‌లో పక్కన సాసేజ్ వేసేస్తారు. శాకాహారులైతే ప్లేటు చాపకముందే చెప్పాలి.