కారుకు వ్యాక్స్ వేశాక చారలు, మచ్చలు ఎందుకొస్తాయి?

వ్యాక్స్ వేసినా కారు మెరవకపోతే మనం ముందు డబ్బానే అనుమానిస్తాం. నేను చూసినంతవరకు డబ్బా తప్పు అరుదు. ఎండలో వేయడం, బోరు నీళ్లతో కడగడం, ఈ రెండే ఎక్కువగా పని చెడగొడతాయి.

తుడిచినా రావడం లేదు, చారలు మిగిలాయి

బానెట్ వేడిగా ఉన్నప్పుడు వేశారు, లేదా మందంగా పూశారు. వ్యాక్స్‌లో ఉండే కార్నౌబా అనే చెట్టు మైనం 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు కాబట్టి, కరిగిపోయిందని అనుకోకండి. అందులోని ద్రావకం వేడికి చప్పున ఆవిరైపోయి, మైనం అక్కడే బిగుసుకుంటుంది. గోకకండి, గీతలు పడతాయి. కారును నీడలోకి తెచ్చి చల్లారనివ్వండి. మొండికేసిన చోట అదే వ్యాక్స్‌ను మళ్లీ పలుచగా రాసి వెంటనే తుడవండి. కొత్త పూతలోని ద్రావకం పాతదాన్ని మెత్తబరుస్తుంది.

ఈసారి తెల్లవారుజామునే మొదలుపెట్టి, సగం బానెట్ చొప్పున చేయండి. పూత కనీకనబడనంత పలుచగా ఉంటే చాలు. కాసేపయ్యాక వేలితో ఒక్క గీత గీయండి. గీసిన చోట అలుక్కుపోకుండా శుభ్రంగా మెరిస్తే తుడిచే సమయమైనట్టే. ఇంకా జిడ్డుగా ఉంటే ఆగండి.

మెరుపు ఉంది కానీ తెల్లటి గుండ్రటి మచ్చలు కనబడుతున్నాయి

ఇవి బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. చుక్క ఆరిపోయిన చోట అవి మిగిలిపోయాయి, వాటి మీదే వ్యాక్స్ పడింది. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద అర నిమిషం ఉంచండి. తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి. అక్కడి వ్యాక్స్ కూడా పోతుంది కాబట్టి మళ్లీ వేయాలి. అయినా మచ్చ పోకపోతే అది పెయింట్ పైపొరలోకి దిగినట్టు, దానికి పాలిషింగ్ కావాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. నీళ్లు వృథా కాకూడదని చాలా ఇళ్లలో ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి బయటికొచ్చే నీళ్లను బకెట్లో పట్టి కారు కడుగుతారు. ఉద్దేశం మంచిదే, కానీ ఆ నీటిలో లవణాలు మామూలు కంటే ఎక్కువ. వాటితో ఇల్లు తుడవండి, కారుకు మాత్రం వద్దు. ఏ నీళ్లతో కడిగినా, చుక్కలు ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తి తీసేయండి.

చేత్తో తడిమితే గరుకుగా ఉంది

పలుచటి ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది. తారు చుక్కలు, బ్రేకుల ఇనుప రజను అతుక్కుని ఉంటాయి. షాంపూ నీళ్లు చల్లుతూ క్లే బార్‌తో (మురికిని అంటించుకుని లాగేసే మెత్తటి మట్టిముద్ద లాంటిది) మెల్లగా రుద్దాకే వ్యాక్స్ వేయాలి. క్లే కింద పడితే పారేయండి, కడిగి వాడొద్దు.

నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి పొర

షాంపూ నీళ్లు, మెత్తటి పాత టూత్‌బ్రష్ చాలు. ముందే మాస్కింగ్ టేప్ అంటిస్తే ఈ పనే ఉండదు.

రెండు వారాలకే నీళ్లు పూసల్లా నిలవడం లేదు

గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడుగుతున్నారేమో చూడండి, అది వ్యాక్స్‌ను త్వరగా తీసేస్తుంది. కారు షాంపూ వాడండి.

టాప్ మీద పెయింట్ పొలుసులుగా లేస్తోంది

క్లియర్ కోట్, అంటే రంగు మీద ఉండే పారదర్శక పైపొర, పోయింది. దీనికి ఏ వ్యాక్సూ పనికిరాదు, మళ్లీ పెయింట్ వేయించాల్సిందే. కొత్త పెయింట్ పూర్తిగా ఆరడానికి సాధారణంగా 30 నుంచి 60 రోజులు ఆగమంటారు. మీకు వేసిన పెయింట్‌కు ఎన్నాళ్లు కావాలో షెడ్డులోనే అడిగి, అప్పటిదాకా వ్యాక్స్ డబ్బా మూత తీయకండి.