కారు సెల్ఫ్ సరిగా తీసుకోవడం లేదా? బ్యాటరీ మార్చే ముందు ఇలా పరీక్షించండి

పొద్దున్నే తాళం తిప్పితే ఇంజిన్ మూలుగుతుంది. వెంటనే "బ్యాటరీ పోయింది" అని తీర్పు చెప్పేస్తారు, కొత్తది తెచ్చి బిగిస్తారు. నెల తిరక్కుండా మళ్లీ అదే మూలుగు. తీసి పారేసిన పాత బ్యాటరీ మాత్రం చాలాసార్లు నిక్షేపంగా ఉంటుంది. బ్యాటరీ, సెల్ఫ్ మోటారుకు వెళ్లే కేబుల్, కరెంట్ తిరిగొచ్చే దారి (ఎర్త్), ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్: వీటిలో ఏది పాడైనా పైకి కనిపించే లక్షణం ఒకటే. ఏది పాడైందో తేల్చుకున్నాకే డబ్బు తీయాలి.

కావలసినవి: డిజిటల్ మల్టీమీటర్ (ముల్లు తిరిగే పాత మీటర్ వద్దు), స్పానర్, గరుకు కాగితం, కళ్లద్దాలు, తాళం తిప్పడానికి ఒక మనిషి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి. హైబ్రిడ్ కారైతే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లొద్దు.

1. చప్పుడు వినండి

టకటకమని వరసగా కొట్టుకుంటే ఛార్జ్ లేదు, లేదా కనెక్షన్ వదులు. ఒక్కసారి గట్టిగా టక్‌మని ఆగిపోతే సెల్ఫ్ మోటారునో, కేబుల్‌నో అనుమానించాలి. చప్పుడే లేకపోతే గేరు న్యూట్రల్‌లో ఉందా, క్లచ్ పూర్తిగా నొక్కారా, ఫ్యూజ్ బాగుందా చూడండి. ఇంజిన్ ఎప్పటిలాగే చురుగ్గా తిరుగుతూ స్టార్ట్ కాకపోతే బ్యాటరీని అనకండి. తప్పు ఇంధనంలోనో, స్పార్కులోనో, ఇమ్మొబిలైజర్‌లోనో (సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ను అంటుకోనివ్వని ఏర్పాటు) ఉంది.

2. బండి ఆగి ఉన్నప్పుడు వోల్టేజ్

రాత్రంతా ఆగిన బండి మీద, మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, ప్రోబులు (మీటర్ వైర్ల చివర ఉండే ముళ్లు) బ్యాటరీ రెండు స్తంభాలకు తాకించి కొలవండి. నడిపి ఆపిన వెంటనే కొలిస్తే మీటర్ ఎక్కువ చూపిస్తుంది. అంత ఓపిక లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి ఆర్పి, కాసేపు ఆగి చూడండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ.

ఖాళీ అయిన బ్యాటరీ, చచ్చిపోయిన బ్యాటరీ ఒకటి కాదు. ముందు ఛార్జర్ పెట్టి పూర్తిగా నింపండి, తర్వాతే మిగతా పరీక్షలు. ఇంకో బ్యాటరీ సాయంతో జంప్ స్టార్ట్ చేసి ఊరంతా ఒక రౌండ్ కొడితే నిండిపోతుందని చాలామంది నమ్మకం. నిండదు. ఛార్జర్ మీద గంటల తరబడి ఉండాలి.

3. సెల్ఫ్ కొడుతున్నప్పుడు వోల్టేజ్

అసలు సంగతి ఇక్కడి నుంచే బయటపడుతుంది. ఆగి ఉన్నప్పుడు 12.6 చూపించిన బ్యాటరీ లోడ్ పడగానే, అంటే ఎక్కువ కరెంట్ లాగగానే, కూలిపోవచ్చు. ప్రోబులు బ్యాటరీ మీదే ఉంచి, పక్క మనిషిని సెల్ఫ్ కొట్టమనండి. ఎముకలు కొరికే చలి లేని వాతావరణంలో 9.6 కంటే కిందికి పోకూడదు.

4. కేబుళ్ల పరీక్ష: అందరూ వదిలేసేది ఇదే

కేబుల్‌లో పది తీగలు తెగి ఒకటే మిగిలినా, లోడ్ లేనప్పుడు మీటర్ పూర్తి 12.6 చూపిస్తుంది. ఓమ్స్‌లో పెట్టి కొలిచి "కేబుల్ బాగానే ఉంది" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతుందనుకోండి. దారిలో 0.01 ఓమ్ అడ్డు తగిలితే చాలు, 1.5 వోల్టులు అక్కడే పోతాయి. అంత చిన్న అడ్డును మామూలు మల్టీమీటర్ పట్టుకోలేదు. కరెంట్ పారుతుండగా వోల్టేజ్ ఎక్కడ పడుతోందో చూడటమే దారి.

మొదలుపెట్టే ముందు మీటర్ ఎర్ర వైరు ఏ రంధ్రంలో ఉందో చూడండి. 10 ఆంపియర్ల రంధ్రంలో మర్చిపోయి బ్యాటరీకి తగిలిస్తే నేరుగా షార్ట్ చేసినట్టే. వోల్టుల రంధ్రంలోకి మార్చి, డీసీలో పెట్టండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ బిగించి ఉండాలి. ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. అప్పుడు సెల్ఫ్ తిరిగినా ఇంజిన్ అంటుకోదు. మీటర్ వైర్లు, జుట్టు, చొక్కా చేతులు బెల్టుకి, ఫ్యానుకి దూరంగా ఉంచుకోండి. మీరు "కొట్టు" అనేదాకా పక్క మనిషి తాళం ముట్టుకోకూడదు.

ఒక ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ సీసపు స్తంభం నడినెత్తిన పెట్టండి. పైన బిగించిన క్లాంప్ మీద కాదు. రెండోది సెల్ఫ్ మోటారు మీద లావు కేబుల్ బిగించిన బోల్టుకి తాకించండి. ఆ బోల్టులో ఎప్పుడూ కరెంట్ ఉంటుంది, ప్రోబ్ జారి ఇంజిన్‌కి తగిలితే మెరుపే. పట్టు కుదిరాకే సెల్ఫ్ కొట్టించండి. ఐదు సెకన్లు చాలు, తర్వాత ఒక నిమిషం విరామం. 0.5 వోల్టు దాటితే కేబుల్ దారిలో లోపం ఉంది. అలాగే నెగటివ్ స్తంభానికీ ఇంజిన్ మీద రంగు లేని శుభ్రమైన లోహానికీ మధ్య కొలవండి. 0.2 దాటకూడదు.

చివరగా స్తంభానికీ దాని క్లాంప్‌కీ మధ్య కొలవండి. ఇక్కడ దాదాపు సున్నా రావాలి. రాకపోతే రెండింటి మధ్య బయటికి కనిపించని నల్లటి పొర ఉంటుంది. పైకి నిగనిగలాడుతున్నా సరే, క్లాంప్ విప్పండి. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరున. చిలుము ఉంటే వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక లోపలి వైపు సీసం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దండి. గ్రీజు రాసేది బిగించాక, పైపైన మాత్రమే.

కేబుళ్లు పాసై, నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ 9.6 కిందికి పడుతుంటే బ్యాటరీ మీద నేరం మోపవచ్చు. అప్పుడు కూడా సెల్ఫ్ మోటారు మితిమీరి కరెంట్ లాగుతోందేమో ఒకసారి చూపించండి.

5. ఛార్జింగ్, రాత్రి లీకేజీ

తీసిన ఫ్యూజ్ తిరిగి పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలవండి. సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కొత్త కార్లలో కంప్యూటర్ దీన్ని పైకీ కిందికీ మారుస్తుంది, ఒక్క అంకె చూసి ఆల్టర్నేటర్ విప్పకండి.

అన్నీ బాగుండి, రెండు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతుంటే లీకేజీ వెతకాలి. బండి మొత్తం ఆపేసి, నెగటివ్ కేబుల్ విప్పి, ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఆ కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ను ఆంపియర్లలో పెట్టి, అరగంటకు పైగా ఆగండి. ఈలోగా తలుపు తీసినా, తాళం తిప్పినా మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోవచ్చు. సుమారు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఫర్వాలేదు. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎక్కడ పడిపోతుందో చూడండి. చాలాసార్లు దొరికేది ఆరని డిక్కీ లైటో, తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమో.