పాత ట్యాబ్‌లో చార్జింగ్ ఎక్కడం లేదా? బ్యాటరీ కొనేముందు ఇవి చూడండి

పాత ట్యాబ్ చార్జింగ్ ఎక్కకపోతే అందరి చూపూ ముందు బ్యాటరీ మీదే పడుతుంది. నిజానికి దాన్ని చివర్న అనుమానించాలి. గోడ సాకెట్ నుంచి బ్యాటరీ దాకా కరెంటు వచ్చే దారిలో అడాప్టర్, కేబుల్, చార్జింగ్ పిన్ (ట్యాబ్‌లో కేబుల్ గుచ్చే చోటు), చార్జింగ్ ఐసీ (బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే చిప్) ఉంటాయి. వీటిలో త్వరగా అరిగేవి, మార్చడం తేలికైనవి బయటే ఉన్నాయి కాబట్టి బయటినుంచి లోపలికి రండి.

ఒక్కటి మాత్రం అన్నిటికంటే ముందు చూడాలి. ట్యాబ్‌ను చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి మూలను వేలితో తోయండి. బొంగరంలా గిర్రున తిరిగితే వెనక మూత పొంగింది, అంటే లోపల బ్యాటరీ ఉబ్బింది. తెర అంచు ఒకవైపు లేచినా, తెర మధ్యలో కొత్తగా పాలిపోయిన మచ్చ కనబడినా అదే అనుమానం. వెంటనే చార్జర్ పీకేసి ట్యాబ్ ఆఫ్ చేయండి. నొక్కి సరిచేయడం, సూదితో పొడిచి గాలి తీయడం వద్దే వద్దు. ఆ గాలి మండే వాయువు, పైపొర చిరిగితే బ్యాటరీ అంటుకోవచ్చు. దాన్ని మామూలు చెత్తలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

అడాప్టర్

దాని మీద చిన్న అక్షరాల్లో ఔట్‌పుట్ ఎంతో రాసి ఉంటుంది. యూఎస్‌బీ ట్యాబ్‌లకు సాధారణంగా 5 వోల్టులు, 2 ఆంపియర్లు కావాలి. 1 ఆంపియర్ ఫోన్ చార్జర్ పెడితే 7000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండడానికి ఎనిమిది గంటలు దాటుతుంది. ఈలోగా వీడియో చూస్తూ కూర్చుంటే శాతం పెరగకపోగా తగ్గుతుంది. కంప్యూటర్ యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. దానికి తగిలిస్తే పాత ఐప్యాడ్ 'నాట్ చార్జింగ్' అని చూపడం సహజం, అది రోగం కాదు.

2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టినా నత్తనడకేనంటే కారణం వేరే ఉండొచ్చు. పాత ఐప్యాడ్‌లు, పాత గెలాక్సీ ట్యాబ్‌లు డేటా తీగల మీద ఉన్న వోల్టేజీని బట్టి చార్జర్ తమదో కాదో గుర్తుపడతాయి. గుర్తుపట్టకపోతే తక్కువ కరెంటుతోనే సరిపెట్టుకుంటాయి. ట్యాబ్‌తో వచ్చిన అడాప్టర్‌తో ఒకసారి పోల్చి చూస్తే తేలిపోతుంది.

గుండ్రటి పిన్ను ఉన్న ట్యాబ్‌లతో మరింత జాగ్రత్త. చూడ్డానికి ఒకేలా ఉండే పిన్నుల్లో కొన్ని 5 వోల్టులవి, కొన్ని 12 వోల్టులవి. 5 వోల్టుల ట్యాబ్‌కు 12 గుచ్చితే చార్జింగ్ ఐసీ కాలిపోవచ్చు. వోల్టేజీతో పాటు ప్లస్ లోపలుందో బయటుందో చూపే గుర్తు కూడా సరిపోవాలి.

కేబుల్

మా లెక్కలో మొదటి ముద్దాయి ఇదే. చౌక కేబుళ్లలో చాలావాటికి కరెంటు తీగ కూడా సన్నటి 28 గేజిదే ఉంటుంది (గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది). మీటరు పొడవుకు రానుపోను దాదాపు 0.43 ఓమ్‌ల నిరోధం. 2 ఆంపియర్లు పారితే దారిలోనే 0.85 వోల్టు పోయి, ట్యాబ్‌కు చేరేది 4.15 వోల్టులే. వోల్టేజీ అలా పడిపోవడం చూసి చార్జింగ్ ఐసీ తానే కరెంటు తగ్గించుకుంటుంది. 24 గేజి తీగైతే పోయేది 0.34 వోల్టు. అందుకే పొట్టిగా, లావుగా ఉన్న కేబుల్ మేలు.

వోల్టులు, ఆంపియర్లు చూపే చిన్న యూఎస్‌బీ మీటరు ఒకటి దగ్గర పెట్టుకుంటే ఊహలతో పని ఉండదు. దాన్ని అడాప్టర్‌కు, కేబుల్‌కు మధ్య గుచ్చండి. అది చూపే వోల్టేజీని చూసి కేబుల్ బాగుందనుకోకండి, అది అడాప్టర్ దగ్గరి వోల్టేజీ. చూడాల్సింది ఆంపియర్లు. బ్యాటరీ 20 నుంచి 60 శాతం మధ్య ఉండగా తెర ఆర్పి, అదే అడాప్టర్‌తో రెండు మూడు కేబుళ్లు మార్చి చూడండి. ఒకదానితో 0.4, ఇంకోదానితో 1.6 వస్తే దోషి దొరికినట్టే. బ్యాటరీ నిండుకు దగ్గరైనప్పుడు కరెంటు దానంతటదే తగ్గుతుంది, అప్పుడు కొలిచి లాభం లేదు.

చార్జింగ్ పిన్

అన్ని కేబుళ్లతోనూ తక్కువే వస్తుంటే పిన్ లోపలికి టార్చి వేయండి. అడుగున దూది పీచు గట్టిపడి ఉంటే కేబుల్ పూర్తిగా దిగదు. ట్యాబ్ ఆఫ్ చేసి సన్నటి చెక్క పుల్లతో మెల్లగా గీకి తీయండి. గుండుసూది వాడకండి, పిన్‌లు షార్ట్ అవుతాయి. పచ్చటి చిలుము పట్టి ఉంటే 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన బ్రష్‌తో రుద్ది, బాగా ఆరనివ్వండి.

మైక్రో యూఎస్‌బీలో పట్టుకునే కొక్కేలు కేబుల్ వైపే ఉంటాయి. కాబట్టి లూజుగా ఊగుతుంటే ముందు కొత్త కేబుల్ పెట్టి చూడండి. అప్పటికీ వంచి పట్టుకుంటేనే చార్జింగ్ వస్తుందంటే మధ్య నాలుక వంగింది లేదా టంకం ఊడింది. చాలా ట్యాబ్‌లలో పిన్ విడిగా చిన్న బోర్డు మీద ఉంటుంది, ఆ బోర్డు మార్చుకుంటే చాలు. మెయిన్ బోర్డుకే అతికి ఉంటే మాత్రం చేయి తిరిగిన సోల్డరింగ్ కావాలి.

నెలల తరబడి పక్కన పడేసిన ట్యాబ్

దీన్ని చచ్చిందనుకుని పారేసేవాళ్లు చాలామంది. బ్యాటరీ వోల్టేజీ సుమారు 3 కంటే కిందికి పడిపోతే చార్జింగ్ ఐసీ మొదట కొద్దికొద్దిగానే కరెంటు ఎక్కిస్తుంది. అంతసేపూ తెర మీద ఏమీ కనిపించకపోవచ్చు. సరైన అడాప్టర్‌తో గోడ సాకెట్‌కు పెట్టి నాలుగైదు గంటలు వదిలేయండి, మొదట కాసేపు వేడెక్కుతోందేమో గమనిస్తూ ఉండండి. మధ్యమధ్యలో పవర్ బటన్ నొక్కితే ఎక్కిన ఆ కాస్తా ట్యాబ్ లేవబోయి ఖర్చు చేసేస్తుంది. తర్వాత ఐప్యాడ్‌లో హోమ్, పవర్ బటన్లు కలిపి, ఆండ్రాయిడ్‌లో పవర్ బటన్ (కొన్నిట్లో వాల్యూమ్ తగ్గించే బటన్ కూడా) 20 సెకన్లు నొక్కి పట్టుకోండి.

30 శాతం దగ్గరే ఆరిపోతుంటే

ముసలి బ్యాటరీలో అంతర్గత నిరోధం పెరుగుతుంది. తెర వెలుతురు, వైఫై, వీడియో కలిసి ఒక్కసారి కరెంటు లాగగానే వోల్టేజీ కుంగి ట్యాబ్ ఆరిపోతుంది. శాతం లెక్క తప్పినా ఇలాగే జరుగుతుంది. ఆరిపోయేదాకా ఒకసారి వాడి, నిండా ఎక్కించి ఇంకో గంట అలాగే ఉంచితే లెక్క సరిపడుతుంది. బ్యాటరీ మాత్రం బాగుపడదు, కాబట్టి పదేపదే చేయకండి.

బ్యాటరీలో అసలు సత్తువ ఎంత మిగిలిందో వాట్ అవర్లు కూడా చూపే యూఎస్‌బీ మీటరే చెబుతుంది. 4000 ఎంఏహెచ్, 3.7 వోల్టుల బ్యాటరీ అంటే 14.8 వాట్ అవర్లు. దారిలో పోయేది కలుపుకుని సున్నా నుంచి నిండేదాకా మీటరులో దాదాపు 17 వాట్ అవర్లు రావాలి. 9 దగ్గరే నిండిపోతే సగమే మిగిలింది. ఇప్పుడు బ్యాటరీ మార్చండి.

పౌచ్ బ్యాటరీ (పల్చటి సంచిలా ఉండే బ్యాటరీ) మీద 357090 లాంటి అంకె ఉంటే 3.5 మి.మీ. మందం, 70 వెడల్పు, 90 పొడవు అని అర్థం. మందం పెరగకూడదు. నిండు వోల్టేజీ 4.2 వాడిన చోట 4.2, 4.35 చోట 4.35 ఉన్నదే తీసుకోండి. మూడో తీగ ఉంటే అది సాధారణంగా వేడి కొలిచే థర్మిస్టర్‌ది. దాన్ని వదిలేస్తే చాలా ట్యాబ్‌లు చార్జింగ్ తీసుకోవు. పాత బ్యాటరీని 25 శాతం లోపు దించాకే మూత తెరవండి. తీగలు కత్తిరించాల్సి వస్తే ఒక్కొక్కటిగా కత్తిరించండి, రెండూ ఒకేసారి కత్తెరలో పడితే షార్టే. జిగురును ఆల్కహాల్‌తో నానబెట్టి ప్లాస్టిక్ ముక్కతో లేపండి, బ్యాటరీని వంచకండి.

మూత బిగించే ముందే చార్జర్ పెట్టి పావుగంట చూడండి. మీటరులో ఆంపియర్లు నిలకడగా ఉండి, బ్యాటరీ చేతికి గోరువెచ్చదనం మించకపోతే మూత వేసేయొచ్చు.