ఇంజిన్ చల్లబడే తీరు – 4వ పాఠం: కూలెంట్ గుణాలు

గత పాఠంలో థర్మోస్టాట్ ఎప్పుడు తెరుచుకుంటుందో చూశాం. అది తెరుచుకున్నాక రేడియేటర్‌లోకి సాగే ద్రవం ఎంత వేడిని మోయగలదో ఇప్పుడు లెక్కకడదాం.

ఈ పనిలో నీటిదే పైచేయి. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4.1 కిలోజౌళ్లు కావాలి. నీరు, కూలెంట్‌లో ప్రధాన ద్రవమైన ఇథిలీన్ గ్లైకాల్ సగం సగం కలిపిన మిశ్రమానికి 3.6 చాలు. ఇంజిన్ నుంచి సెకనుకు 30 కిలోజౌళ్ల వేడి దిగుతూ, పంపు సెకనుకు లీటరు తిప్పుతోందనుకుంటే, నీరు 7.3 డిగ్రీలు, మిశ్రమం 8.3 డిగ్రీలు వేడెక్కుతాయి. ఈ ఒక్క డిగ్రీతో ఏ ఇంజినూ చెడిపోదు.

అసలు తేడా సిలిండర్ గోడ దగ్గర వస్తుంది. గోడను ఆనుకుని మెల్లగా కదిలే పలుచని పొరను దాటితేనే వేడి ద్రవంలో కలుస్తుంది. మిశ్రమం జిగట నీటికి రెండింతల పైమాటే, ఉష్ణవాహకత మూడింట రెండు వంతులే. అందువల్ల సుడులు తగ్గి, పొర మందమై, గోడ మరింత కాగుతుంది. కూలెంట్ ఎంత చిక్కగా పోస్తే ఇంజిన్‌కు అంత చలవ అనే నమ్మకాన్ని నేను గట్టిగా కాదనేది ఇందుకే.

మరి ఉత్త నీరే పోయవచ్చు కదా? పోయకూడదు. రేడియేటర్ మూత బయటి గాలి కంటే 1 బార్ ఎక్కువ ఒత్తిడిని లోపల నిలిపితే నీరు 120 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మిశ్రమం దాదాపు 130 దాకా ఆగుతుంది. పైగా తుప్పును ఆపే రసాయనాలు కూలెంట్‌లోనే ఉంటాయి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున గోటితో గీకినా రాని తెల్లటి పొర మీరు చూసే ఉంటారు. అదే పొర రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటే వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కాబట్టి బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరే కలపండి. డబ్బా మీద నీరు కలిపి సిద్ధం చేసినదని రాసి ఉంటే మళ్లీ కలపవద్దు. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత తిప్పవద్దు.

అభ్యాసం: పై లెక్కలో పంపు అరిగి, సెకనుకు అర లీటరే తిప్పుతోందనుకోండి. మిశ్రమం ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుంది? జవాబుతో 5వ పాఠం, వాటర్ పంపు గురించి, మొదలవుతుంది.