తాడు ఎత్తి బండి దించకండి: వానల నెలల్లో అండర్ బ్రిడ్జీలు, వంకల దగ్గర జాగ్రత్తలు

మొన్న రాత్రి గంటసేపు పడ్డ వానకే తిరుపతిలో మా వీధి చివర రైల్వే అండర్ బ్రిడ్జిలో మోకాలి పైకి నీళ్లొచ్చాయి. మున్సిపల్ సిబ్బంది రెండు వైపులా బారికేడ్లు పెట్టి, మధ్యలో తాడు కట్టి, మోటారు దించే పనిలో ఉన్నారు. కానిస్టేబుల్ అవతలి వైపు బండ్లను వెనక్కి మళ్లిస్తున్నాడు. ఇవతల స్కూటీ మీద ఒకాయన, వెనక సీట్లో ట్యూషన్ బ్యాగు తగిలించుకున్న పాప. ఆయన ఒక చేత్తో తాడు ఎత్తి, పాప తల మీదుగా దాటించి, బండి దించేశాడు. సగం దూరం పోయేసరికి ఇంజన్ ఆగింది. నీళ్లు సీటు దాకా వచ్చాయి. బండి ఒక పక్కకు ఒరిగింది, పాప బ్యాగు నీళ్ల మీద తేలిపోయింది. మోటారు దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లు దూకి ఇద్దరినీ లాక్కొచ్చారు. పాపను గట్టు మీద కూర్చోబెట్టి తువ్వాలు కప్పాం. వణుకు ఎంతకీ తగ్గలేదు. "ఎందుకు దిగావయ్యా?" అని అడిగితే ఆయన చెప్పింది ఒకటే: "ముందు ఆటో పోయింది కదన్నా."

గొడుగు పెట్టుకోండి, కాచిన నీళ్లు తాగండి లాంటివి మీకు తెలుసు. నేను చెప్పాలనుకున్నది ఆయన అన్న ఆ ఒక్క మాట గురించే. ప్రతి ఏడూ వింటున్నాను. ముందు బండి పోయింది కదా, మనమూ పోదాం అని.

2021 అక్టోబర్‌లో వెస్ట్ చర్చి దగ్గర అండర్ బ్రిడ్జిలో ఏం జరిగిందో తిరుపతి వాళ్లు మరిచిపోయి ఉండరు. కర్ణాటక నుంచి స్వామి దర్శనానికి వచ్చిన కుటుంబం బండి నీళ్లలో ఇరుక్కుపోయింది. మిగతావాళ్లు బయటపడ్డారు. కొత్తగా పెళ్లయిన అమ్మాయి ప్రాణం పోయింది. ఊరు మధ్యలో, నాలుగడుగులు వేస్తే ఇళ్లూ మనుషులూ ఉన్నచోట జరిగిన చావు అది.

ముందు బండి పోయిందన్నది ఎందుకు లెక్కలోకి రాదో చెబుతాను. మన ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలు. కొండ మీద పడ్డ వాన మన వీధుల్లోకి దిగడానికి కాస్త టైమ్ పడుతుంది. కింద వాన ఆగిపోయినా పై నీళ్లు వస్తూనే ఉంటాయి. పది నిమిషాల కింద ఆటో పోయినప్పుడు ఉన్న లోతు ఇప్పుడు ఉండదు. పైగా అండర్ బ్రిడ్జి రోడ్డు మధ్యలో పల్లంగా ఉంటుంది. అంచున చీలమండ లోతు కనిపిస్తే నడుమ నడుం లోతు ఉండొచ్చు. బురదనీళ్లలో ఆ పల్లం కంటికి ఆనదు. ఆటో ఎత్తు వేరు, స్కూటీ ఎత్తు వేరు, కారు సైలెన్సర్ ఎక్కడుంటుందో అది వేరు. అసలు ఆ ఆటో అవతలికి చేరిందో, మధ్యలోనే ఆగిందో చీకట్లో మీరు చూశారా?

ఎవరి పని ఏది

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టర్ అధ్యక్షుడు, ఎస్పీ అందులో సభ్యుడు. కాగితం మీద సంగతి అది. వాన పడే రాత్రి రోడ్డు మీద జరిగేది ఇంకోటి. కాలువ పూడిక, మోటార్లు, బారికేడ్లు మున్సిపల్ ఇంజనీరింగ్ వాళ్ల పని. బండ్లు ఆపడం, దారి మళ్లించడం పోలీసుల పని. కరెంటు తీయడం విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ చూస్తుంది. చెరువు కట్టలు, గేట్లు ఇరిగేషన్ వాళ్లవి. పల్లపు ఇళ్ల వాళ్లను ఖాళీ చేయించి బడికో కల్యాణ మండపానికో చేర్చడం రెవెన్యూ వాళ్లది.

వీళ్లంతా ఒక్క మాట మీద ఉంటే ఎంత మేలు జరుగుతుందో 2021 నవంబర్‌లో చూశాం. రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు లీకేజీ పడితే కింది ఊళ్ల జనాన్ని ముందే హెచ్చరించి సురక్షిత ప్రాంతాలకు వెళ్లమన్నారు. కొందరు పశువుల్ని వదిలి రామని మొండికేశారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా చెబుతున్నాను, పశువుల తాళ్లు విప్పేసి మీరు బయల్దేరండి. కట్టేసి ఉంచిన గొడ్డు తప్పించుకోలేదు.

ఈ ఏర్పాటు తెగేది ఒక్కచోటే, రెండు శాఖల నడుమ ఖాళీలో. నీళ్లు ఎంత లోతుకు వచ్చాయో మోటారు దగ్గరున్న మున్సిపల్ మనిషికి తెలుసు. కానీ అతను చెయ్యెత్తితే ఎవరూ ఆగరు. ఖాకీ చొక్కా చూస్తే ఆగుతారు, కానీ ఆ కానిస్టేబుల్‌కు మోటారు లాగుతోందో లేదో తెలియదు. ఇద్దరూ ఒకే చోట నిలబడితే అండర్ బ్రిడ్జి భద్రం. ఇద్దరిలో ఒకరు ఇంకో పాయింటుకు పరుగెత్తినా మిగిలేది ఆ తాడొక్కటే. ఆ తాడును మనం ఎత్తేస్తున్నాం.

అందుకే వానలు ముదరకముందే కాలనీ వాళ్లు నలుగురు కలిసి వార్డు సచివాలయానికి వెళ్లండి. ఇంజనీరింగ్ పనులు చూసే కార్యదర్శితో, మహిళా పోలీసుతో విడివిడిగా కాకుండా ఒకేసారి కూర్చోండి. మోటారు ఎక్కడుంది, డీజిల్ ఎవరు పోస్తారు, రాత్రి పన్నెండు దాటితే ఎవరుంటారు అని అడగండి. పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకుని రండి. రోడ్డు మూసేశారన్న బోర్డు బ్రిడ్జి మొదట్లో కాదు, అంతకుముందు మలుపులోనే పెట్టమనండి. బ్రిడ్జి దాకా వచ్చాక బండి వెనక్కి తిప్పే చోటు ఉండదు, వెనక నుంచి హారన్లు మోగుతుంటాయి, ఆ టెన్షన్‌లోనే చాలామంది దిగేస్తారు. బోర్డు తమిళంలో, కన్నడంలో కూడా ఉండాలి. మన ఊళ్లో రాత్రిపూట తిరిగే కార్లలో చాలా యాత్రికులవే, ఫోన్‌లో మ్యాప్ ఎటు చూపిస్తే అటు పోతారు. లాడ్జీల వాళ్లూ, ఆటో అన్నలూ ఒక్క మాట చెబితే చాలు, ఒక కుటుంబం నిలబడుతుంది.

వంకలు, చప్టాలు, నది

అండర్ బ్రిడ్జిలో నిలిచిన నీరు ముంచుతుంది. చప్టా మీద పారే నీరు ఈడ్చుకుపోతుంది. పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కారు కదిలిపోతుంది, రెండడుగులుంటే పెద్ద బండ్లకూ దిక్కు లేదు. మోకాలి లోతు ప్రవాహం నిలువెత్తు మనిషిని పడగొడుతుంది. చెరువు నిండి మొరవ (అదనపు నీరు) పోతోందని తెలిస్తే ఆ కింది రోడ్డు ఆ రోజుకు లేదనుకోండి.

2021లోనే తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డున ఇల్లు నదిలోకి ఒరిగిపోవడం వీడియోల్లో చూశాం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే నది కదా అని ఒడ్డున ఉండిపోకండి. ఖాళీ చేయమని వీఆర్వో వచ్చి చెబితే వాదించకండి. ఆధార్, బ్యాంకు పుస్తకాలు, మందులు ఒక కవర్లో పెట్టి తలుపు పక్కన తగిలించుకోండి.

పొరపాటున బండి నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి, ఇంజన్‌లోకి నీళ్లు పోతాయి. కారైతే వెంటనే అద్దాలు దించండి, కరెంటు పనిచేసేది కొద్దిసేపే. సీటు బెల్టులు తీయండి. బయటి నీళ్ల ఒత్తిడికి డోర్ తెరుచుకోదు, దాంతో కుస్తీ పట్టకండి. కిటికీలోంచి ముందు పిల్లల్ని పంపండి. అద్దం దిగకపోతే సీటు మీది హెడ్‌రెస్ట్ ఊడబెరికి దాని ఇనుప కడ్డీతో పక్క అద్దం మూల మీద కొట్టండి. ముందు అద్దం మీద కొట్టి టైమ్ పోగొట్టుకోవద్దు, అది పగిలినా ఊడి రాదు. బండి పైకెక్కి అరవండి. బండి పోతే పోనీ.

ఇక మిగతావి.

నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూత తీసి వదిలేయకండి. తీసిన చోట మనిషిని నిలబెట్టలేకపోతే తీయనే వద్దు.

తెగిపడ్డ వైరు కనిపిస్తే దూరంగా నిలబడి 1912కు చెప్పండి. కర్రతో తొలగించకండి, కింద తడి ఉంది.

మనిషి ఇరుక్కుంటే ముందు 112. ఫైర్ వాళ్లకు 101. పక్క షాపు పేరు, గుడి పేరు, ఏదో ఒక గుర్తు చెప్పండి.

తెలియని వాళ్లను కాపాడబోయి ఈత రాకుండా దూకకండి. తాడు విసరండి, చీర విసరండి, ట్యూబ్ విసరండి.

కపిలతీర్థం జలపాతం ఎర్రగా దూకుతుంటే స్నానం వద్దు.

ఘాట్ రోడ్డో నడక దారో మూశారంటే పైరవీ చేయకండి. 2021 నవంబర్ వానలకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారి నెలల తరబడి మూతపడింది. దర్శనం ఇంకో రోజు చేసుకోవచ్చు.

రెడ్ అలర్ట్ ఉన్న సాయంత్రం పిల్లల్ని ట్యూషన్‌కు పంపకండి.

కానిస్టేబుల్ ఆపితే "ఇక్కడే మా ఇల్లు" అనకండి. మీ ఇల్లు ఎక్కడైనా నీళ్ల లోతు మారదు. ఆయన మాట కాదని పోవడం అదే 2005 చట్టం కింద నేరం కావొచ్చు, ఏడాది దాకా జైలు. దానివల్ల ప్రాణం పోతే రెండేళ్ల దాకా.

బారికేడ్ పక్కకు జరిపి పోయినవాడు మళ్లీ దాన్ని యథాస్థానంలో పెట్టడు. వాడి వెనక వచ్చేవాళ్లకు రోడ్డు తెరిచే ఉందనిపిస్తుంది. బారికేడ్ జరిపిన చేయి వెనక వచ్చేవాళ్లందరినీ నీళ్లలోకి దించుతోంది.

ముందు బండి పోయినా దిగకండి. ముందు బస్సు పోయినా దిగకండి. వాన ఆగినా దిగకండి, మోటారు కట్టేసి మున్సిపల్ మనిషీ పోలీసూ ఇద్దరూ తాడు విప్పేదాకా దిగకండి.

మీ కళ్ల ముందు ఎవరైనా తాడు ఎత్తుతుంటే ఫోన్ తీసి వీడియో తీయకండి. వెళ్లి బండి హ్యాండిల్ పట్టుకోండి.