పొగతాగే చుట్టాలు వస్తే ఇంట్లో కుక్కని, పిల్లిని ఎలా కాపాడుకోవాలి?

బరంపురంలో తెలుగువాళ్ల ఇళ్లు ఎప్పుడు నిండుగా ఉంటాయంటే ఎవరైనా చెప్పేది ఒకటే: ఠకురాణి యాత్రకి. రెండేళ్లకోసారి, చైత్రంలో, వారాల తరబడి సాగే జాతర. ఇచ్ఛాపురం నుంచి, పలాస నుంచి, శ్రీకాకుళం నుంచి చుట్టాలు రైలు దిగుతారు. వాళ్లలో సిగరెట్ కాల్చేవాళ్లుంటారు, బీడీ వాళ్లుంటారు. పల్లెల నుంచి వచ్చిన పెద్దావిడలు కొందరికి అడ్డపొగ అలవాటు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటారు. ఇక్కడి ఒడియా స్నేహితులైతే పికా చుట్ట తెచ్చుకుంటారు. అందరూ కావలసినవాళ్లే. ఎవరినీ నొప్పించలేం.

కిందటి యాత్రకి మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. చుట్ట కాల్చిన ఒక పెద్దాయన పీకని ఎక్కడ పడేయాలో తెలియక, తాగి వదిలేసిన టీ గ్లాసులో ముంచి మంచం కింద పెట్టారు. ఆ తియ్యటి టీ వాసనకి మా రాజుగాడు గ్లాసు పడగొట్టి టీ నాకేశాడు, పీక కూడా నమిలేశాడు. వాడు ఎనిమిది కిలోల నాటు కుక్క. అరగంట కాకుండానే నోట్లోంచి తీగలా చొంగ నేల దాకా జారుతోంది. రెండుసార్లు కక్కాడు. వెనక కాళ్లు వణుకుతుంటే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆటోలో పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, సెలైన్ పెట్టారు, బతికాడు. ఆ పెద్దాయన రాత్రంతా నిద్రపోలేదు. నాకు అప్పుడు తెలిసొచ్చింది: ఆయన తప్పు లేదు. కాల్చుకోవడానికి ఒక చోటు, పీక వేయడానికి ఒక డబ్బా నేను చూపించలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎలా చేస్తున్నామో రాస్తున్నాను.

1. అసలు ప్రమాదం ఎక్కడుందో ముందు తెలుసుకోండి

చాలామంది పొగ ఒక్కటే చెడ్డదనుకుంటారు, కిటికీ తీస్తే పోతుందనుకుంటారు. పొగ చెడ్డదే. కానీ కుక్కకి వెంటనే ప్రాణం మీదికి వచ్చేది పీకతో. ఒక సిగరెట్‌లో రకాన్ని బట్టి 9 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా నికోటిన్ ఉంటుంది, కాల్చి పారేసిన పీకలో కూడా అందులో పావు వంతు దాకా మిగులుతుంది. కుక్క బరువు కిలోకి 1 మిల్లీగ్రాము లోపలికి పోతే చాలు, విషం లక్షణాలు మొదలవుతాయి. అంటే మూడు కిలోల కుక్కపిల్లకి ఒక్క పీక కూడా చాలొచ్చు. చుట్టలో పొగాకు సిగరెట్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

పిల్లి సంగతి వేరు. అది మామూలుగా పీకలు తినదు, కానీ రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. పొగలోని మసి, రసాయనాలు బొచ్చు మీద పేరుకుంటాయి, నాలుకతో అవన్నీ లోపలికి పోతాయి. 2002లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో, పొగతాగేవాళ్లున్న ఇళ్లలోని పిల్లులకి లింఫోమా అనే క్యాన్సర్ వచ్చే అవకాశం రెట్టింపు కన్నా ఎక్కువని తేలింది. అది ఏళ్ల తరబడి పొగలో బతికిన పిల్లుల మాట. నాలుగు రోజుల చుట్టాలకి అంత భయపడక్కర్లేదు. కానీ ఆయాసం ఉన్న పిల్లికి ఒక్క సాయంత్రం పొగ కూడా కష్టమే.

పక్షులున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. వాటి ఊపిరితిత్తులకి గాలిసంచులు తోడుంటాయి, గాలిలో ఉన్నదంతా గబగబా ఒంట్లోకి లాగేసుకుంటాయి. లవ్ బర్డ్స్ పంజరం ఉన్న గదిలో అగ్గిపుల్ల కూడా గీయనివ్వకండి. (రామచిలుకని పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇంకా ఎవరైనా పెంచుతుంటే అటవీశాఖకి అప్పగించేయండి.)

2. రాకముందే చెప్పండి, సరైన మనిషితో చెప్పండి

గుమ్మంలో అడుగుపెట్టాక చెబితే అవమానంగా ఉంటుంది. టికెట్లు తీసుకున్నామని ఫోన్ చేసినప్పుడే చెప్పేయాలి. వరసైన బావతో నేరుగా అనొచ్చు: "బావా, మా పిల్లికి ఆయాసం ఉంది. సిగరెట్ వీధి అరుగు మీదే కానిచ్చెయ్, నీకు కుర్చీ, ఫ్యాన్ అన్నీ పెడతాను." మావయ్యతో ఆ మాట మనం అనలేం. అత్తకి చెప్పాలి: "అత్తా, మావయ్యగారికి అరుగు మీద చోటు చూశాను. కుక్క పీకలు తినేస్తోంది, భయంగా ఉంది. మీరే ఒకమాట చెప్పండి." అత్త చెబితే ఆయన నొచ్చుకోరు.

గమనించారా, రెండు మాటల్లోనూ "వద్దు" అనే మాట లేదు. "ఇక్కడ" అనే మాట ఉంది. నా అనుభవంలో సగం పని దీంతోనే అయిపోతుంది. లేని జబ్బు మాత్రం కల్పించి చెప్పకండి, పిల్లలెవరో నోరు జారితే మొత్తం చెడుతుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు.

2003 పొగాకు చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి వచ్చిన నిబంధనలు పొగ తాగొద్దనేది బహిరంగ స్థలాల్లోనే. మన ఇంటికి మన మాటే చట్టం, కాబట్టి ఆ మాట మర్యాదగా, ముందుగా ఉండాలి.

3. మంచి చోటు ఏర్పాటు చేయండి

ఎండలో, చెప్పుల పక్కన, చీపురు మూలన నిలబడమంటే ఎవరూ వెళ్లరు. రాత్రి పదింటికి నెమ్మదిగా కిటికీ దగ్గర వెలిగిస్తారు. అందుకే చోటు బాగుండాలి: నీడ, చేతుల కుర్చీ, వీలైతే టేబుల్ ఫ్యాన్, టీ అక్కడికే. పెద్దవాళ్లకి కబుర్లకి ఒక మనిషి కూడా కావాలి. మా ఆయన సిగరెట్ ముట్టరు గానీ, గాలి అటు కొట్టే వైపు కాకుండా కాస్త ఎడంగా కూర్చుని కబుర్లు చెబుతారు.

ఆ చోటు కుక్క పడుకునే చోటు కాకూడదు, పెరటి తలుపు పక్కన అసలే కాకూడదు. మనకి సముద్రం గాలి సాయంత్రం ఎటు నుంచి వస్తుందో చూసుకోండి. కాలనీ ఇళ్లలో ఒక్కోసారి వీధి వైపు పొగ మొత్తం ముందు గదిలోకే కొడుతుంది, అలాంటప్పుడు డాబా మేలు. ఫ్లాట్ అయితే బాల్కనీ తలుపు, కిటికీ రెండూ మూసి ఉంచాలి, అయినా వాసన లోపలికి వస్తుంటే కిందికి దిగమనడమే దారి.

ఇప్పుడు డబ్బా సంగతి. నీళ్లున్న గ్లాసు, కొబ్బరి చిప్ప, పూలకుండీ వద్దు. పీక నీళ్లలో నానితే నికోటిన్ ఆ నీళ్లలోకి దిగుతుంది, కుక్క ఆ నీళ్లు తాగితే పీక తిన్నట్టే. మూత ఉన్న లోతైన స్టీలు డబ్బా తీసుకుని సగానికి పొడి ఇసుక పోయండి. కుక్కకి అందని ఎత్తులో, గట్టు మీదో స్టూలు మీదో పెట్టండి. రోజూ పడుకునే ముందు నేనే ఖాళీ చేస్తాను, కవర్లో ముడివేసి మూత ఉన్న చెత్తబుట్టలో వేస్తాను.

4. సంచులు, జేబులు, మొలలో సంచి

ఇది అందరూ మరిచిపోయేది. బ్యాగు నేల మీద ఉంటుంది, అందులో సిగరెట్ పెట్టె ఉంటుంది. చొక్కా కుర్చీ మీద వేలాడుతుంది, జేబులో ఖైనీ పొట్లం. పెద్దావిడల మొలలో పొగాకు సంచి, నిద్రపోయినప్పుడు పక్కనే జారిపోతుంది. వచ్చిన గంటలోనే బ్యాగులన్నీ బీరువా మీదకో, ఎత్తుగా ఉన్న కొక్కేలకో చేర్చండి.

ఒడిశాలో ఉన్నాం కాబట్టి గుడాకు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొద్దున్నే పళ్లకి రుద్దుకునే ఆ పొగాకు ముద్దలో బెల్లం పాకం కలుస్తుంది. కుక్క ముక్కుకి అది మిఠాయి. నుయ్యి గట్టు మీద, సింకు పక్కన ఆ డబ్బా వదలకుండా చూడండి.

పొగ మానేద్దామని నికోటిన్ చూయింగ్‌గమ్ నమిలేవాళ్లు కూడా వస్తారు. వాళ్లని మెచ్చుకోండి, కానీ ఆ గమ్ కూడా ఎత్తులోనే ఉండాలి. నికోటిన్‌తో పాటు కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కకి వేరే విషం. విదేశాల నుంచి వచ్చినవాళ్ల దగ్గర వేప్ ద్రవం, అంటే ఈ-సిగరెట్‌లో పోసే నికోటిన్ ద్రవం, ఉంటే మరీ ప్రమాదం. మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల అమ్మకం నిషేధం, అయినా సంచుల్లో వచ్చేస్తుంటాయి.

5. లోపలికి వచ్చాక చేతులు, ఒడి

మా పెద్దమ్మకి అడ్డపొగ అలవాటు. మా పిల్లి పండుకి పెద్దమ్మ ఒడి అంటే ప్రాణం. ఆవిడ అరుగు మీంచి లేచి వచ్చి చాప మీద కూర్చోగానే ఇది వెళ్లి నూలు చీర కుచ్చిళ్ల మీద ముడుచుకుంటుంది, అయిదు నిమిషాల్లో తన పక్కలు నాక్కోవడం మొదలు. ఆ చీర నిండా పొగ. ఆవిడని లేవమనలేను, పిల్లిని లాగితే ఆవిడ మనసు చివుక్కుమంటుంది. చివరికి ఒక పాత దుప్పటి ఉతికి, "పెద్దమ్మా, బొచ్చు చీరకి అంటుకుంటుంది" అని ఒడిలో పరిచాను. నిజమే కదా, అంటుకుంటుంది. ఇప్పుడు వస్తూనే ఆవిడే అడుగుతుంది, "పండు దుప్పటేదే?" అని.

మిగతావాళ్లకి సబ్బు, తువ్వాలు అరుగు కుళాయి దగ్గరే పెట్టండి. పొగ తాగాక చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, తర్వాతే కుక్కని ముద్దు చేయమనండి. పిల్లల చేత చెప్పిస్తే సులువు: "తాతా, చెయ్యి కడుక్కుంటేనే రాజు షేక్‌హ్యాండ్ ఇస్తాడు."

6. ఎవరో ఒకరు లోపలే వెలిగిస్తే

వెలిగిస్తారు. అప్పుడు అందరి ముందు గట్టిగా అనకండి. దగ్గరికెళ్లి, "రండి మావయ్యా, టీ అరుగు మీద పెట్టాను" అని కప్పు పట్టుకుని నడవండి, వెంట వస్తారు. రెండోసారి కూడా జరిగితే కుక్కని చూపించి సూటిగా చెప్పండి. మూడోసారి ఇంటి యజమాని చెప్పాలి. జంతువుని గదిలో పెట్టి తలుపేయడం చివరి ఉపాయం. చైత్రం ఎండలకి ఆ గదిలో ఫ్యాన్, నీళ్లు తప్పకుండా ఉండాలి. డాబా మీద కట్టేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

7. వాళ్లు వెళ్లాక

అగరబత్తి, సాంబ్రాణి వేస్తే వాసన కప్పుకుంటుంది, అంతే. పొగకి పొగ తోడవుతుంది, పక్షులకి అదీ చెరుపే. దుప్పట్లు, దిండు గలీబులు, కర్టెన్లు, కుక్క పక్క ఉతికేయండి. నేల సబ్బునీళ్లతో తుడవండి. పిల్లిని తడిగుడ్డతో తుడిచి దువ్వండి. మంచాల కింద, సోఫా సందుల్లో టార్చ్ వేసి పీకల కోసం వెతకండి.

8. మింగేస్తే

లక్షణాలు చాలాసార్లు గంటలోపే మొదలవుతాయి: చొంగ, వాంతి, అతిగా కంగారు, వణుకు, వేగంగా ఊపిరి, ఆ తర్వాత ఫిట్స్. వాటి కోసం ఎదురు చూడకండి. నోట్లో ఉన్న ముక్కలు తీసేసి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఏది తిన్నదో, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో, కుక్క బరువెంతో చెప్పండి, పెట్టె గానీ మిగిలిన పీక గానీ వెంట తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం ఇంట్లో చేయొద్దు. గ్యాస్ మందు అసలు పోయొద్దు, కడుపులో ఆమ్లం తగ్గితే నికోటిన్ రక్తంలోకి ఇంకా తొందరగా ఎక్కుతుంది.

రాత్రిపూట ఎవరు తలుపు తీస్తారో యాత్ర మొదలవకముందే కనుక్కోండి. భువనేశ్వర్ పశువైద్య కళాశాలకి మన ఊరి నుంచి రోడ్డు మీద దాదాపు 170 కిలోమీటర్లు, అర్ధరాత్రి అక్కడికి పరుగెత్తే వ్యవధి ఉండదు. మా ఇంట్లో డాక్టర్ నంబరు, ఒక ఆటో అబ్బాయి నంబరు ఫ్రిజ్ తలుపు మీద కాగితం మీద రాసి అంటించి ఉన్నాయి. ఈసారి యాత్రకి వచ్చినప్పుడు కిందటిసారి పెద్దాయనే ఆ కాగితం చూసి, నంబర్లు తన ఫోన్‌లో ఎక్కించుకున్నారు. తర్వాత ఇసుక డబ్బా ఎక్కడుందని అడిగి అరుగు మీదకి వెళ్లారు.