ఫిక్స్‌డ్ అంటే ఒక్క అర్థమే కాదు, ఎలా పట్టుకోవాలంటే

ఇంగ్లిష్‌లో ఫిక్స్‌డ్ అనే మాట కనిపించగానే తెలుగులో స్థిరం అని రాసేయకండి, ముందు పక్కన ఏ మాటుందో చూడండి. గోడకి అద్దం ఫిక్స్‌డ్ అంటే బిగించారని, అటాచ్డ్ అన్నా నడుస్తుంది. డేట్ ఫిక్స్‌డ్ అంటే ఖరారైందని, అక్కడ సెట్ వాడొచ్చు. వడ్డీ రేటుకైతే మారనిది అని. బగ్ (సాఫ్ట్‌వేర్‌లో లోపం) ఫిక్స్‌డ్ అంటే మాత్రం రిపేర్ అయిపోయింది, ఇక్కడ స్థిరం అని రాస్తే బగ్ పర్మనెంట్‌గా ఉండిపోయిందనే అర్థం వస్తుంది మరి! మ్యాచ్ ఫిక్స్‌డ్ అంటే ఇంకా తేడా, ఫలితం ముందే మాట్లాడేసుకున్నారని, దీనికి రిగ్గ్‌డ్ సరైన మాట. కదలకుండా ఉన్నదానికి స్టేషనరీ కూడా ఉంది కానీ పెన్నులు, పేపర్ల స్టేషనరీ వేరు, దాని స్పెల్లింగ్‌లో చివరి ry ముందు ఏ (a) బదులు ఈ (e) వస్తుంది.